మునెమ్మ కోసిన గాటు

బొక్కల ఫైలు, అంటే రంధ్రాల లెక్క, ఏదని బెంగళూరు ఫ్యాక్టరీవాళ్లు ఫోన్ చేసి అడిగేదాకా యోహానుకు మునెమ్మ గుర్తుకు రాలేదు. ఆమెను మాన్పించి అప్పటికి నాలుగు నెలలు. పద్దెనిమిదేళ్లు పక్కన కూర్చున్న మనిషిని మరిచిపోవడానికి నాలుగు నెలలు చాలవనే అనుకుంటాం. పని నడుస్తూ ఉంటే నాలుగు రోజులే ఎక్కువ.

హిందూపురంలో స్టేషనుకు పోయే దారిలో యోహాను షాపు. ఒకటే గది. ధర్మవరం మగ్గాల ఇళ్లలో పట్టు కండెలు చుట్టే చిన్న మిషన్లు ఉంటాయి కదా, వాటి వేగం తగ్గించి పెంచే కార్డులు ఆ గదిలోనే తయారయ్యేవి. యోహాను కంప్యూటర్లో బొమ్మ గీసి, నున్నటి కాగితం మీద అచ్చు తీసి, రాగి పూసిన అట్ట మీద ఇస్త్రీ పెట్టెతో అంటించి, మందునీళ్లలో ముంచేవాడు. అక్కర్లేని రాగి కరిగిపోయి గీతలు మిగిలేవి. అంతటితో ఆయన చేతులు కడుక్కునేవాడు. ఆ పైన సామాన్ల తీగకాళ్లు దూరడానికీ మరలు పట్టడానికీ కార్డుకు నలభై ఏడు రంధ్రాలు వేసే పని మునెమ్మది.

ఏ రంధ్రం ఎంత లావుండాలో యోహాను ఏ కాగితం మీదా రాసినవాడు కాదు. మునెమ్మకు మిల్లీమీటర్ల పాయింటు లెక్కలు తెలియవు. ధర్మవరం పోయినప్పుడు మగ్గాల కింద పడిన పట్టుపోగులు ఏరుకొచ్చి డ్రిల్లు బిట్లకు కట్టుకుంది. అన్నిటికన్నా సన్నదానికి ఎరుపు, దాని పైదానికి పసుపు, ఆ పైదానికి పచ్చ, మరలు పట్టే లావుదానికి నీలం. ఏ చుక్క దగ్గర ఏ రంగు తియ్యాలో ఆమె చేతికి తెలుసు. షాపు సగం ఆ చేతిలోనే ఉందన్న సంగతి మాత్రం షాపు యజమానికి తెలియదు.

ధర్మవరంలో మిషన్లు అమ్మే చెన్నప్ప ఒకసారి వచ్చి, "ఇట్ల చేత్తో చేసినవి చాలవప్పా. ఐదొందలు కావాల, కంపెనీ మాల్ మాదిరి పచ్చగా నున్నగా ఉండాల" అన్నాడు. బెంగళూరులో ఒక ఫ్యాక్టరీ ఉంది, ఫైళ్లు పంపితే చాలు, రంధ్రాలతో సహా కార్డులు తయారై వస్తాయి. యోహాను ఆ వారమే మునెమ్మతో, "ఇప్పటికి పని లేదులే మునెమ్మా. ఉన్నప్పుడు నేనే ఫోన్ చేస్తా" అన్నాడు. చేసే ఉద్దేశం లేదని ఆ మాట అంటున్నప్పుడే ఆయనకు తెలుసు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. తగలేసేవాడు కనీసం మంట వైపన్నా చూస్తాడు, ఈయన అదీ చూడలేదు.

నాలుగు నెలలు కూర్చుని బొమ్మ అంతా కొత్తగా గీశాడు. రాగి గీతలకు ఒక ఫైలు, పచ్చ పూతకు ఒకటి, తెల్ల అక్షరాలకు ఒకటి, కార్డు అంచుకు ఒకటి, నాలుగూ కట్టకట్టి పంపాడు. మరునాడు ఫ్యాక్టరీ నుంచి రేఖ అనే అమ్మాయి ఫోన్ చేసింది. గుడిబండ పిల్ల.

"సార్, డ్రిల్లు ఫైలు రాలేదు. బొక్క యాడెయ్యాల్నో, ఎంత లావెయ్యాల్నో మా మిషనుకు తెలీదు కదా."

ఇరవై ఏళ్లలో ఆ ఫైలు చేసే అవసరం రాలేదాయనకు. కంప్యూటర్లో ఏదో నొక్కి, వచ్చింది పంపాడు. రేఖ మళ్లీ చేసింది. "అన్నీ ఒకటే సైజు ఉండాయి సార్. మర పట్టేదీ అంతే, సన్న కాలు దూరేదీ అంతే. నిజంగా ఇంతేనా?"

అప్పుడు పాత కార్డులు కొన్ని ముందర పెట్టుకున్నాడు. కొలిస్తే ఒక్కో కార్డులో ఒక్కో లెక్క వస్తోంది, చేతిపని మరి. పైగా కార్డు నడుమ వేలి కణుపంత గాటు ఉంది, రంపంతో కోసింది. అది ఆయన గీసిన బొమ్మలో లేదు. ఏళ్ల తరబడి ప్రతి కార్డు మీదా చూస్తూనే ఉన్నాడు, ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. చివరికి పెనుకొండలో ఉన్న మునెమ్మకు ఫోన్ చేశాడు.

"మునెమ్మా, రేపు రా. పని ఉండాది."

"చేస్తావని నాకు తెలుసన్నా" అంది మునెమ్మ.

పొద్దున ప్యాసింజరులో వచ్చింది. దారంతో కట్టిన కళ్లద్దాలు, సంగటి క్యారియరు, చేతిలో రేకుడబ్బా. డబ్బాలో డ్రిల్లు బిట్లు, కొబ్బరినూనె పూసి, రంగుపోగులు కొత్తవి కట్టి ఉన్నాయి. "ఈడుంటే తుప్పు పడతాయని ఇంటికి ఎత్తుకపోయింటి. వారం వారం తుడుస్తాండా" అంది. తన పీట దులుపుకుని కూర్చుంది. "కార్డులు యాడన్నా? డ్రిల్లు మిషను యాడ పెట్టినావు?"

మిషను గోనెసంచిలో చుట్టి అటక మీద ఉంది. యోహాను కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పాడు.

"కార్డులు కాదు మునెమ్మా. ఏ బొక్కకు ఏ బిట్టో చెప్పు, దీంట్లో రాసుకుంటా."

ఆమె తెర వైపు చూసింది, అటక వైపు చూసింది. "అట్లనా" అంది.

అయినా చెప్పింది. దాచుకోవడం ఆమెకు చేతకాదు. కళ్లద్దాలు ముక్కు మీదికి లాక్కుని, తెర మీద వేలు పెట్టి, "ఈ రెండూ ఎరుపు. పక్కది పసుపు. ఈడ పచ్చ ఎయ్యి, కాలు లావు ఉంటాది, ఎరుపేస్తే దూరదు" అంటూ పోయింది. యోహాను ఒక్కో రంగు బిట్టునూ కొలిచి అంకెలు ఎక్కించాడు. మధ్యాహ్నానికి నలభై ఏడూ అయిపోయాయి. ఆమె క్యారియరు విప్పి సంగటి రెండు ముద్దలు చేసింది. నంజుకునే ఊరిబిండి కూడా ఇద్దరికీ సరిపడా తెచ్చింది, ఎప్పటిలాగే.

తింటూ, "గాటు మరిచినావు" అంది.

"అదెందుకు మునెమ్మా?"

"ధర్మవరంలో లక్ష్మీప్రియ ఉండాది కదా, అప్పుడు చిన్నపిల్ల. మిషను బిగిచ్చేకి పోయింటిమి మనం. పట్టు తడికి కార్డు చెమ్మగిల్లి, స్పీడు తిప్పే బటన్ పట్టుకుంటే ఆ పిల్లకు చెయ్యి జిల్లుమనె. కరెంటు వచ్చే పక్కకీ బటన్ పక్కకీ నడాన కోస్తే చెమ్మ దాటదు కదా అని ఆ పొద్దు నుంచి కోస్తాండా. నీకు చెప్తిని. నువ్వు ఫోన్లో ఉంటివి."

అది జరిగి పదకొండేళ్లు. ఆయన పేరుతో అమ్ముడైన ప్రతి కార్డునూ ఆమె రంపం కాపాడుకుంటూ వచ్చింది. యోహాను చెయ్యి కడుక్కుని వచ్చాడు. ఆమె చెప్పిన చోట గాటు గీశాడు. ఫైళ్లన్నీ మళ్లీ పంపి, స్పీకర్ ఆన్ చేసి రేఖతో మాట్లాడాడు.

"ఇప్పుడు అన్నీ ఉండాయి సార్. ఇంక ఎన్ని కార్డులన్నా దీన్నుంచే చేసుకోవచ్చు. ఎవర్నీ అడగాల్సిన పని లేదు."

ఆ మాట గదిలో ఇద్దరూ విన్నారు. మునెమ్మ లేచి క్యారియరు కడుక్కుంది. 'ఉండు మునెమ్మా, కార్డులొస్తే వాటికి సామాన్లు అతుకుదువు, నేర్పిస్తా' అని యోహాను అనవచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. నేర్పాలంటే నెల పడుతుంది, చెన్నప్ప తొందర పెడుతున్నాడు. అనుకోకుండానే నోటి నుంచి పాత మాటే వచ్చింది.

"పని ఉంటే నేనే ఫోన్ చేస్తా."

"చేస్తావులేన్నా" అంటూ ఆమె చెప్పులు వేసుకుంది. రేకుడబ్బా బల్ల మీదే వదిలిపెట్టింది. యోహాను వాకిట్లోకి వచ్చి పిలిచి చూపిస్తే, "ఉండనీలే, ఇంటికాడ నాకెందుకు" అని స్టేషను వైపు నడిచింది.

మూడు వారాలకు కార్డులు వచ్చాయి. పచ్చగా, నున్నగా, గాటుతో సహా అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. కొన్నింటికి సామాన్లు అతికి ధర్మవరం తీసుకుపోయాడు. చెన్నప్ప ఒకటి వెలుగుకు ఎత్తి, "నడాన ఈ గాటు బలే కొట్టిచ్చినావబ్బా. ఎవురి తెలివి?" అన్నాడు. యోహాను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఆయనకు నేటికీ మింగుడుపడదు.

మొదటి కార్డు బిగించింది లక్ష్మీప్రియ ఇంట్లోనే. ఇప్పుడామె ఇద్దరు పిల్లల తల్లి. తడిచేత్తోనే బటన్ తిప్పి కండె చుట్టడం మొదలుపెట్టి, "ఆ యమ్మ రాలేదా? దారప్పోగులు ఏరుకునే యమ్మ" అని అడిగింది.

"మానేసిందమ్మా" అన్నాడు యోహాను. మాన్పించినవాడు ఆయన, మానేసిన నింద ఆమెకు.

తిరుగు ప్రయాణంలో బండి పెనుకొండలో ఆగింది. దిగుదామా అనుకున్నాడు, దిగలేదు. మనసు ఒప్పక ఫోన్ చేశాడు. రెండో రింగుకే ఎత్తింది.

"చెప్పన్నా. ఏ బొక్క తప్పింది?"

"ఏదీ తప్పలేదు మునెమ్మా. అన్నీ సరిగ్గా వచ్చినాయి. నువ్వు చెప్పినట్టే."

"మంచిదన్నా." తర్వాత, "మరి ఫోనెందుకు చేసినావు?" అంది. నిజంగానే తెలియక అడిగింది.

"బండి కదిలింది మునెమ్మా, మళ్లా నేనే ఫోన్ చేస్తా" అని యోహాను పెట్టేశాడు.