నాన్సీ టేపు

పబ్బు గుమ్మం దాటేసరికే ఎత్నా అరచేతులు చెమటతో తడిసిపోయాయి. గిటారు పెట్టె పిడి జారిపోతోంది. గోడ పక్కన తను ఎప్పుడూ కూర్చునే బల్ల ఖాళీగానే ఉంది. వెళ్లి అక్కడే కూర్చుంటే ఎంత హాయి!

కానీ కిందటి ఆదివారం, వాయించేవాళ్ల మధ్య కూర్చోనా అని తను అడిగితే, పాకీ అన్న మాట ఊరంతా విన్నది. డెబ్బై దాటిన పాకీ, ఆదివారం ఆదివారం అక్కడ కలిసి వాయించేవాళ్లందరికీ పెద్ద. ఫిడేలు ఆయనది. "గిటారున్నది వెనకాల కూర్చుని తాళం వేసుకోవడానికే అమ్మాయ్. కాదంటావా, వచ్చేవారం నువ్వే ఒక బాణీ ఎత్తుకో. మూడు చుట్లూ నిలబెట్టావంటే మా మధ్య కూర్చో. లేదంటే ఆ బల్ల నీదే, ఇక అడక్కు."

ఆర్నెల్లుగా ఎత్నా నేర్చుకున్నది ఒక్కటే బాణీ. పాకీ చెల్లెలు నాన్సీ పోయేముందు కాన్సర్టినా మీద, అదే చేతుల్లో పట్టే చిన్న తిత్తుల పెట్టె మీద, వాయించిన జిగ్ అనే నాట్యపు బాణీ అది. అది ఉన్న టేపు నాన్సీ కూతురు ఇచ్చింది. రోజూ ఆవుల పాలు పితకడం అయ్యాక ఎత్నా ఆ టేపుకే గిటారు శ్రుతి చేసుకుని, ఒక ముక్క విని, తీగల మీద వెతుక్కుని, మళ్లీ విని, వేళ్లు కాయలు కాచేదాకా మీటింది.

వచ్చినవాళ్లెవరైనా ముందు కాన్సర్టినా వాయించేవాళ్లని ఒక స్వరం అడిగి శ్రుతి సరిచూసుకుంటారు. అడగడానికి ఎత్నా మొహమాటపడింది. ఇంట్లో కలుపుకునే వచ్చానుగా అనుకుని, వాళ్ల గుంపు అంచున కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏం, సిద్ధమా?" అన్నాడు పాకీ.

తలూపి మొదలుపెట్టింది. రెండో వరసకి అందరూ అందుకోవాలి. రెండో వరస వచ్చింది. ఎవరూ అందుకోలేదు. నోరీన్ ఫ్లూట్ పెదాలకి ఆనించి దించేసింది. పాకీ ఒక్కసారి కమాను కదిపి, మొహం చిట్లించి, ఆపేశాడు.

నేనంటే గిట్టక మానేశారు, అనుకుంది ఎత్నా. ఆపితే పరువు పోతుంది. ఆపకపోతే ఒంటరి గిటారు ఆ నిశ్శబ్దంలో దోమలా రొద పెడుతోంది. మొదటి చుట్టు సగంలో వేలు తప్పింది. చెయ్యి ఆగిపోయింది.

"ఎక్కడికెక్కించావే ఆ తీగల్ని, చర్చి గోపురం మీదకా?" అంది నోరీన్. "నా ఫ్లూట్ అంత ఎత్తుకి రాదు తల్లీ."

"టేపుకే కలుపుకున్నాను..."

"ఏ టేపు?" పాకీ ముందుకు వంగాడు.

"నాన్సీది."

పాకీ ఫిడేలు ఒళ్లో పెట్టుకున్నాడు. ఇక లెమ్మంటాడని ఎత్నా పెట్టె కోసం చూసింది.

"అది మా వంటింట్లో రికార్డు చేసింది నేనే. బ్యాటరీలు అయిపోవచ్చి యంత్రం ఈడుస్తూ తిరిగింది. అందుకే మామూలు యంత్రంలో పెడితే నాన్సీ పరిగెడుతుంది, పైస్థాయిలో కూస్తుంది. బతికున్నప్పుడు తను ఎప్పుడైనా పరిగెట్టిందా?" ఆయన గొంతు బొంగురుపోయింది. "దించుకో బంగారం. మేం ఆగుతాం."

అన్నిటికన్నా అదే భయంకరమైపోయింది. ఇరవై మంది చూస్తుండగా ఆరు బిరడాలు, ఒక్కొక్కటే. కాన్సర్టినా స్వరం పట్టి ఉంచింది. చెమట వేళ్లకి బిరడా జారుతోంది. ఎవరూ దగ్గలేదు కూడా.

మళ్లీ ఎత్తుకుంది, ఈసారి నిదానంగా. రెండో వరసకి ఫిడేలు వచ్చింది, వెనకే ఫ్లూట్, ఆ వెనక అందరూ. ఆ హోరులో తన గిటారు తనకే వినిపించడం మానేసింది. సరిగ్గా వాయిస్తున్నానో లేదో తెలియదు. వేళ్ల మీద తప్ప దేనిమీదా నమ్మకం పెట్టుకునే వీల్లేదు. చూస్తే, పాకీ కళ్లు కూడా ఆ వేళ్ల మీదే ఉన్నాయి. తను నెమ్మదిస్తే ఆయన కమాను నెమ్మదిస్తోంది.

రెండో చుట్టు. మూడో చుట్టు. అయిపోతోందనగా అందరి తలలూ ఒక్కసారి ఎత్నా వైపు తిరిగాయి. ఎత్తుకున్నవాళ్లే ఆపకుండా తర్వాతి బాణీలోకి నడిపించాలి. ఆమెకు తర్వాతిది లేదు. కళ్లు పెద్దవి చేసి అడ్డంగా తలూపింది.

పాకీ తనే ఇంకో జిగ్‌లోకి మళ్లించాడు. అది ముగిశాక కమాను తొడ మీద పెట్టి అన్నాడు:

"కుర్చీ లోపలికి జరుపుకో. ఒక్క బాణీతో ఇక్కడెవరూ కూర్చోరు మరి, వచ్చే ఆదివారానికి రెండోది తెచ్చుకో."

ఎత్నా కుర్చీ లోపలికి జరుపుకుంది. ఉన్నది ఏడు రోజులు, రెండో బాణీ ఏదో కూడా తెలియదు.