చుట్టకుదురు

మెడ మీద ఒక చుక్క. చల్లగా.

పదిహేనేళ్ళు ఆ చుక్కతోనే నడిచాను. నెత్తిన చేపల గంప, గంపలో కరిగే ఐసు. ఆర్యపల్లి నుంచి బస్సు దొరికిన చోటి దాకా... దొరకని రోజు బరంపురం దాకా. ముందు మా అత్త జగ్గమ్మ, వెనక నేను.

అది నడక కాదు, పరుగే. ఆగితే చేప మెత్తబడిపోతుంది.

"గంప ఎత్తాలన్నా దించాలన్నా పక్కన ఇంకో సెయ్యుండాలే," అనేది అత్త. దించాలన్నా ఎత్తాలన్నా ఒకటే కేక — "సెయ్యెయ్యే!"

ఇవాళ గంప లేదు. రొమ్ము మీద పరుగుపందెం నంబరుంది.

మైకులో పిలిచారు — "ముసలమ్మ!" జనమంతా ఒక ముసలిదాని కోసం వెతికారు. నేనే బాబూ! ముప్పై ఆరేళ్ళే నాకు. అమ్మవారి పేరు పెట్టారు, నేనేం చెయ్యను?

ఛత్రపురం నుంచి బరంపురం. ఇరవై ఒక్క కిలోమీటర్లు. మూడు గంటల్లో చేరితేనే లెక్క.

చివర్న ఒక గేటు. గేటు లోపల, ఇక మందులకు లొంగని జబ్బుల వాళ్ళను నొప్పి తెలియకుండా చూసుకునే ఇల్లు. అందులో ఒక మంచం మీద మా అత్త.

అక్కడికి చేరకముందు మూడు నెలలు ఇంట్లోనే అరిచింది. సముద్రం హోరులో కూడా వినబడేది. మా తీరానికి నర్సు రాదు. రావడానికి జీపు లేదు.

ఈ పరుగు ఆ జీపు కోసం.

నేను వేళకు చేరితే జీపుకు డబ్బిస్తామని నా దగ్గర చేపలు కొనేవాళ్ళే అన్నారు. గీచి గీచి బేరమాడే వైకుంఠరావు గారు కూడా ఈసారి బేరమాడలేదు. "మద్దెలో ఆగిపోతే మాత్రం పైసా ఇవ్వను, సూడు," అన్నారు. ఎంతైనా ఆయన ఆయనే!

పరుగు!

జీడితోటలు పరిగెత్తాయి. మొగలి పొదలు పరిగెత్తాయి. నా గుండె నాకంటే ముందు పరిగెత్తింది.

పన్నెండో కిలోమీటరు దగ్గర కాళ్ళు తడబడ్డాయి.

తల తేలిపోతోంది. మెడకు పనిలేదు. కుడిచెయ్యి మాటిమాటికీ పైకి లేస్తోంది — లేని గంపను పట్టుకోవడానికి. టాటా చెబుతున్నాననుకుని కాలేజీ పిల్లలు చేతులూపారు. నవ్వొచ్చింది. వెనకే ఏడుపూ వచ్చింది. అందరూ నన్ను దాటిపోతున్నారు. జీపు పోయినట్టే... మళ్ళీ ఆ అరుపులే, ఇంకెవరింట్లోనో.

నీళ్ళ బల్ల దగ్గర తువ్వాలు తడిపాను. మెలితిప్పాను. గుండ్రంగా చుట్టాను — గంప కింద పెట్టుకునే చుట్టకుదురులా. నెత్తిన పెట్టుకున్నాను.

మెడ మీద ఒక చుక్క. చల్లగా.

అంతే! కాళ్ళకు దారి గుర్తొచ్చింది.

చిన్న అడుగు... చిన్న అడుగు... మెడ కదలకూడదు. నడుము ఊగాలి. చెయ్యి పైనే ఉండాలి. ఉండనీ! టాటా అనుకుంటే అనుకోనీ! పదిమందిని దాటాను. ఇరవైమందిని దాటాను. దాటినవాళ్ళ లెక్క మానేశాను.

బరంపురం వీధులు! నా వీధులు!

"ఏటి ముసలమ్మా, ఇయాల సేపలేవే?" మేడ మీంచి ఎవరో.

"రేపు తెస్తానమ్మా!" పరిగెడుతూనే అరిచాను.

వైకుంఠరావు గారు లుంగీ ఎగ్గట్టి నా పక్కన పదడుగులు పరిగెత్తారు. రొప్పుతూ నిలబడిపోయారు. "ఎల్లు... ఎల్లెల్లు!"

గేటు. గేటు మీద గడియారం. పక్కన చక్రాల కుర్చీలో అత్త. కుర్చీ పట్టుకుని నర్సు అరుణ.

దాటాను... దాటేశాను!

ఇంకా నాలుగు నిమిషాలు మిగిలాయి! జీపు మా ఊరొస్తుంది! పొడంపేట వెళ్తుంది, చమఖండి వెళ్తుంది! అరుణను పట్టుకుని చిన్నపిల్లలా గెంతాను. ఇంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు.

అత్త గెంతులు చూడలేదు. నా నెత్తి వైపే చూస్తోంది.

"గంపేదే?" అంది.



అత్త రెండు చేతులూ మెల్లగా పైకెత్తింది. చాలా తేలికైపోయిన చేతులు.

"సెయ్యెయ్యే," అంది.

ఎత్తడానికా... దించడానికా...

అడగలేదు. వంగి, ఆ చేతులు పట్టుకున్నాను.

నా చుట్టకుదురు నుంచి ఆమె మణికట్టు మీద ఒక చుక్క.

చల్లగా.