గెలుపు పెట్టని ఆట

బొడ్డమ్మను కవిటి నుంచి పలాసకు డయాలసిస్‌కి తీసుకెళ్ళే పని మనవరాలు ప్రమోదినిది. గంటల తరబడి మంచం పక్కన ఊరికే కూర్చోలేక, ఆ పిల్ల ఫోన్‌లో వీడియో గేముల చరిత్ర చెప్పే కోర్సులో చేరింది. పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. ఏం వింటున్నావని బొడ్డమ్మ అడిగినప్పుడల్లా తెలుగులో చెప్పేది.

ఆ రోజు పాఠం తొలినాటి ఆటల గురించి. పైనుంచి శత్రువులు బారులు తీరి దిగుతుంటే కిందనుంచి కాల్చాలి. వాళ్ళు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ జోరు పెరుగుతుంది.

"అది కావాలని పెట్టింది కాదు నానమ్మా. బొమ్మలు తగ్గితే మిషన్‌కి బరువు తగ్గీది. తయారుసేసినాయన సూసి, బాగుందని అలాగే వదిలేసినాడు."

"సివరికి ఎవులు గెలుత్తారు?"

"ఎవులూ గెలవరు. ఓడిపోయేవరకూ ఆడడమే."

"మరి ఆడినోలికి ఏటొత్తాది?"

"ఎంత బాగా నిలబడితే పైన అంత పెద్ద అంకె పడతాది."

బొడ్డమ్మ గొట్టంలో తిరుగుతున్న తన రక్తాన్ని కాసేపు చూసింది. తర్వాత సూది లేని చేయి చాచి, "ఏదీ, ఇలాగియ్యి" అంది.

పాఠం కిందే ఆ ఆట ఉంది. ఆటకి మూడు ప్రాణాలిస్తారు; మొదటిసారి మూడూ వెంటనే పోయాయి. రెండోసారీ అంతే. ఆ తర్వాత ఆటలో కింద ఉండే గోడల చాటున నక్కడం పట్టుబడింది. పక్క మంచం మీది అక్కుపల్లి ఆయన మెడ సాచి సలహాలిచ్చాడు గానీ ఆవిడ పట్టించుకోలేదు.

టైమైందని నర్సు వచ్చి సూది తీయబోయింది.

"ఉండమ్మా," అంది బొడ్డమ్మ తలెత్తకుండా. "నాకింకా రెండు ప్రాణాలున్నాయి."

నర్సు ఫోన్‌లోకి తొంగిచూసి, ముందు అక్కుపల్లి ఆయన దగ్గరికి వెళ్ళింది.