అమ్మ ఊరుకున్న ఆదివారం

మా నాన్న ముప్పై ఏళ్ళు బస్సు తోలారు. రిటైరయ్యాక ఒక పాత మరపడవ కొని, ఆదివారాలు అమ్మనీ, తమ్ముణ్ణీ, నన్నూ ఎక్కించుకుని అఖాతంలో గాలాలు వేయించడం మొదలుపెట్టారు. పట్టింది తక్కువ, చెప్పుకున్నది ఎక్కువ. నాకు పడవ పడదు. అయినా వెళ్ళేదాన్ని. వెళ్ళకపోతే వారమంతా సాధిస్తారు.

రెండు వారాల కిందట పడవను ఒక్కరే తీసుకెళ్ళి రేవు గోడకు గుద్దారు. అల తోసేసిందన్నారు. అల లేదు, గిల లేదు. ఆయన కళ్ళు ఆనడం లేదు. పంచదార డబ్బా అనుకుని ఉప్పు డబ్బా అందుకునే మనిషిని డాక్టరు దగ్గరికి రమ్మంటే అంతెత్తున లేచారు. నాకూ ఒళ్ళు మండింది.

"వచ్చే ఆదివారం ఎవరి సాయం లేకుండా చేపల బండ దగ్గరికి తీసుకెళ్ళండి నాన్నా. తీసుకెళ్తే ఇంకోసారి ఈ మాట ఎత్తితే ఒట్టు. లేదంటే పడవ తాళంచెవి నాకిచ్చెయ్యాలి."

"ఘాట్ రోడ్డు మీద బస్సు తోలినవాడికి నువ్వు పరీక్ష పెడతావా? సరే, కానియ్."

చేపల బండ నీళ్ళ అడుగున ఉంటుంది. కొండ మీది నీళ్ళ ట్యాంకు, ఒడ్డునున్న ఫ్యాక్టరీ పొగగొట్టం వెనక దాక్కుందంటే పడవ సరిగ్గా బండ మీద ఉన్నట్టు. అక్కడ కాస్త ఎడమకు జరిగితే, నీటికి జానెడు లోతున నల్లరాళ్ళు. తగిలితే పడవ అడుగు లేచిపోతుంది.

అమ్మ ఎప్పుడూ ముందు బల్ల మీద కూర్చుంటుంది. కూర్చున్న దగ్గర్నుంచీ సణుగుడే. "ఎండ ఎడమ చెంప మాడ్చేస్తోంది, కాస్త తిప్పండి." "తుంపర మీద పడుతోంది, మెల్లగా పోనివ్వండి." "పొగగొట్టం పక్కన మబ్బు పట్టింది, అటే పోతారేంటి?" నాన్న "నీ గోల పడలేకపోతున్నానే" అంటూనే తిప్పేవారు.

ఆ ఆదివారం పడవ ఎక్కుతూనే అమ్మకు చెప్పాను. "అమ్మా, బండ చేరేదాకా నోటికి తాళం వేసుకో. ఆయన్ని ఆయన పని చూసుకోనీ."

అమ్మ నాన్న వైపు చూసింది.

"మంచిదేగా, నా చెవులకి సెలవు," అన్నారు నాన్న చుక్కాని పట్టుకుంటూ.

తమ్ముడు గాలానికి ఎర గుచ్చబోయి వేలు గుచ్చుకున్నాడు. "చేపకంటే ముందు నువ్వే పడ్డావురా," అన్నాను. అరగంట సేపు ఇంజను చప్పుడు తప్ప మరేమీ లేదు. నాన్న మెడ చాచి ఒడ్డుకేసి చూస్తున్నారు.

"అదిగో, ట్యాంకు, పొగగొట్టం వెనక్కి వెళ్ళిపోతోంది," అన్నారు.

వెళ్ళడం లేదు. ట్యాంకు ఇంకా బారెడు పక్కన తెల్లగా కనిపిస్తూనే ఉంది. నేను మాట్లాడలేదు. అబద్ధమెందుకు, పందెం గెలుస్తున్నానని లోపల కాస్త సంతోషంగానే ఉంది. అమ్మ నోరు తెరిచి, నన్ను చూసి, మళ్ళీ మూసేసుకుంది.

"నాన్నా, రాళ్ళు!" తమ్ముడు గెంతి చుక్కాని లాగేశాడు. పడవ అడుగు దేనికో గీసుకుని, పక్కకు ఒరిగి, నిలదొక్కుకుంది. ఇంజను ఆగిపోయింది.

నాన్న మా వైపు చూడలేదు. ముందు బల్ల వైపు మొహం తిప్పి చిన్నగా అడిగారు.

"ఎందుకే ఊరుకున్నావు?"

"మీ అమ్మాయి ఊరుకోమందండీ. మీరూ సరేనన్నారు."

ఎండ, తుంపర, మబ్బు. ఎన్ని ఆదివారాల నుంచో ఆ సణుగుడుతోనే ఆయన పడవ నడుపుతున్నారు. ఆ ఇద్దరికీ తెలుసు. సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాన్న తాళంచెవి తీసి నాకివ్వబోయారు. ఆయన చెయ్యి నా వైపు కాకుండా పక్కకు చాపారు. నేనే అటు జరిగి అందుకుని తమ్ముడికిచ్చాను. వాడు పడవ వెనక్కి తిప్పాడు. గాలాలు వేసే ఊసే ఎవరూ ఎత్తలేదు.

నాన్న తడుముకుంటూ వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నారు. కాసేపటికి, మా ముందు మొదటిసారిగా, అడిగారు.

"ఒడ్డు కనపడుతోందా?"

"ఆఁ," అంది అమ్మ. "మెట్ల మీద ఎర్రచొక్కా ఆయనెవరో వల ఆరేస్తున్నాడు. పక్కన కుక్క పడుకుంది. ఇంకో పది నిమిషాలు పడుతుంది. చెప్తుంటాను, కూర్చోండి."