వజ్రకాయుడి వంతు

నాచారంలో త్రివేణి పొద్దున లేవగానే పళ్ళు తోముకోదు, కంప్యూటర్ పెడుతుంది. ఈ సంగతి వాళ్ళమ్మ వెంకటనర్సమ్మే కాలనీ అంతా చెప్పింది కాబట్టి మనం దాచి లాభం లేదు. పగలు ఉద్యోగమూ టైపు కొట్టడమే. ఎక్కడి డాక్టర్లో గొణిగిన మాటల్ని ఒక ఆఫీసులో కూర్చుని అక్షరాల్లో పెట్టాలి. ఇంటికొచ్చి మళ్ళీ టైపు కొట్టేది మాత్రం తన సంతోషం కోసం.

దాన్ని వాళ్ళు క్వెస్ట్ అంటారు. ఇంటర్నెట్‌లో ఒక చోట కొందరు చేరి ఒకే కథను కలిసి నడుపుతారు. త్రివేణి అందులో విలుకత్తె చంద్రిక. తన వంతుకు తన పాత్ర ఏం చేసిందో నాలుగు వాక్యాలు రాస్తుంది. అందరి వంతులూ అయ్యాక సూత్రధారి ఏం జరిగిందో తేల్చి, గుంపును ముందుకు నడిపిస్తాడు. ఆ సూత్రధారి తేజేష్. కాకినాడ నుంచి వచ్చి ఉప్పల్‌లో అద్దెకుంటాడు. పరీక్ష హాల్లో కాపలా కాయాల్సినవాడు పొరపాటున సాఫ్ట్‌వేర్‌లో పడ్డాడు.

కథలో గుంపు ఏ వాతావరణంలో ఉంటే ఆడేవాళ్ళ ఇళ్ళ మీద అదే వాతావరణం ఉండేది. కిందటేడు వాళ్ళు ఎడారి దాటుతుంటే వెంకటనర్సమ్మ ఇంట్లోంచి రోజూ చేటలతో ఇసుక ఎత్తిపోసింది. ఈ మే నెలలో నాచారమంతా ఎండకు పెనంలా మాడుతుంటే, త్రివేణి ఇంటి మీద మాత్రం దట్టంగా పొగమంచు. గుంపు ఒక లోయ మీది తాళ్ళ వంతెన నడిమధ్యకు చేరింది మరి.

"మీ గుంపును జర ఎండకు నడిపియ్యరాదు బిడ్డా?" అంది పక్కింటి సత్తమ్మ, గోడ మీంచి. "సల్ల మిరపకాయలు ఎండవెట్టిన. మీ మంచు మా డాబా మీదికి గూడ వస్తున్నది."

సత్తమ్మకు ఊళ్ళో ఎవరి మంచయినా తన మిరపకాయల కోసమే పడుతుందని గట్టి నమ్మకం.

"ఇంకొకలు రాయాలె అత్తా," అంది త్రివేణి.

ఆ ఇంకొకలు వజ్రకాయుడు. ఏడడుగుల మనిషి, రెండు చేతుల్లో రెండు కత్తులు. అతని అసలు పేరు ఎవరికీ తెలియదు, అడగకూడదన్నది అక్కడి మర్యాద. ఉండేది చర్లపల్లి అని మాత్రం రాసుకున్నాడు. పొద్దున్నే అందరికంటే ముందు వంతు రాసేసేవాడు. జ్వరమొచ్చినా, కరెంటు పోయినా, ఎలాగో రాసేవాడు. అలాంటివాడు బుధవారం నుంచి పలకడం లేదు. త్రివేణి విడిగా పంపిన సందేశాలకూ జవాబు లేదు. చల్లటి మంచులో కూర్చుని ఆమెకు చెమటలు పట్టాయి.

వాళ్ళలో ఒక పద్ధతుంది. ఒక్కరి వంతే మిగిలితే సూత్రధారి ఆ ఒక్కరినీ వదిలేసి గుంపును కదిలించవచ్చు. ఇద్దరివి మిగిలితే గడువు దాకా ఆగాలి. మిగతావాళ్ళంతా రాసేశారు. వజ్రకాయుణ్ణి ఒక్కణ్ణీ వదిలేయకుండా, త్రివేణి రాసి కూడా పంపకుండా పెట్టుకుంది.

శనివారం తేజేష్ ఫోన్ చేశాడు.

"ఏమండీ త్రివేణిగారూ, మీరు రాసేస్తే నేనిప్పుడే కదిలిస్తాను. మా ఆవిడ పట్టుచీరలు చెమ్మెక్కిపోతున్నాయండి."

"ఆయనకేమన్న అయిందేమో తేజేష్‌గారూ. గడువు పెంచరాదు?"

"ఒకరికి పెంచితే అందరూ అడుగుతారండి. రేపు సాయంత్రం ఆరు. ఆరు దాటితే రాయనివాళ్ళు వంతెన మీదే."

వెంకటనర్సమ్మ తడి బట్టలు ఫ్యాను కింద ఆరేస్తూ అంతా విన్నది. "మొహం తెల్వదు, పేరు తెల్వదు. ఎవనికోసమే గీ ఫికర్?"

"గదే తెల్వదమ్మా. తెలిస్తె ఫోన్ జేద్దును."

అప్పుడు తట్టింది త్రివేణికి. పేరు తెలియకపోతేనేం, ఈ ఎండల్లో చర్లపల్లిలో మంచున్న ఇల్లు ఒక్కటే ఉంటుంది. కానీ ఆరు దాటి తేజేష్ గుంపును కదిలిస్తే ఆ గుర్తు ఉంటుందో పోతుందో ఎవరికీ తెలియదు. అంతవరకు ఆ కథలో ఎవరూ అలా వెనకబడలేదు.

ఆదివారం పొద్దున్నే బయలుదేరింది. చర్లపల్లిలో దిగగానే దూరంగా తెల్లగా కనబడింది. పరుగున పోతే అది ఫ్యాక్టరీ ఆవిరి. ఇంకో వీధిలో ఎవరో చెత్త తగలబెడుతున్నారు. తెల్లగా కనబడిన ప్రతిదాని వెంటా పోయేసరికి మధ్యాహ్నం దాటింది. చివరికి సిగ్గు విడిచి ఆటో కనకరాజును అడిగింది.

"అన్నా, ఈడ మంచు వడ్డ ఇల్లు ఏడున్నది?"

"రైలు పట్టాల ఎన్కది గదా," అన్నాడు కనకరాజు, రేషన్ షాపు అడిగినంత మామూలుగా. "గల్లీ దాక తీస్కవోత. లోపటికి రాను, ఇంజన్ బందయితది."

గల్లీ చివర ఒక చిన్న ఇల్లు గడ్డపెరుగులా కనబడింది. ఎదురింటి సాలమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"ఆ ఇంట్ల ఎవరుంటరమ్మా?"

"హైమావతమ్మ. టెలిఫోన్ ఆఫీసుల జేసి రిటైరయింది. ఒక్కతే ఉంటది."

రెండు కత్తుల వజ్రకాయుడు ఏ జిమ్ములోనో కండలు పెంచుతున్న కుర్రవాడని గుంపంతా అనుకుంది. ఒకమ్మాయైతే పెళ్ళి ప్రస్తావన కూడా తెచ్చింది, ఎవరో చెప్పను.

"ఆమెను సూసి ఎన్నొద్దులైంది?"

"మంచున్నన్ని దినాలు ఆమె తలుపు తియ్యదు బిడ్డా. ఆటల ఉన్నదని మేం గూడ పిలువం." సాలమ్మ ఇంకో గింజ తీసింది.

త్రివేణి కాలు తగిలి గింజలన్నీ కిందపడేలా పరుగెత్తింది. మంచులో తడుముకుంటూ తలుపు బాదింది. లోపలి నుంచి గడియ. ఏ పేరుతో పిలవాలో తెలియక, "వజ్రకాయా!" అని అరిచింది.

లోపలి నుంచి సన్నగా గొంతు వచ్చింది. "ఎవరూ... చంద్రికవా? లేవలేకపోతున్నానమ్మా. బాత్రూంలో జారాను."

కనకరాజు ఇంజను సంగతి మరిచిపోయి వచ్చి తలుపు విరగ్గొట్టాడు. ఆమె నేల మీద, పెదవులు పగిలిపోయి, తుంటి కదపలేకుండా పడి ఉంది. బకెట్టులో చేతికందిన నీళ్ళే ఇన్నాళ్ళూ తాగింది. సాలమ్మ గుమ్మంలో నిలబడి ఏడవడం మొదలుపెట్టింది. అంబులెన్సు వచ్చింది. ఇంకొక్క రాత్రి గడిస్తే దక్కేది కాదని దవాఖానాలో డాక్టరు త్రివేణినే కసిరాడు, కూతురనుకుని. ఆమె కాదనలేదు.

ఆరున్నరకు ఫోన్ మోగింది.

"రాయలేదు మీరు," అన్నాడు తేజేష్, బాధగానే. "గుంపు అవతలి గట్టుకు చేరిపోయిందండి. మా ఇంటి మీద ఎండ వచ్చేసింది. మీ ఇద్దర్నీ వంతెన మీదే వదిలేయాల్సొచ్చింది."

"మంచిది తేజేష్‌గారూ," అని ఫోన్ పెట్టేసింది.

మంచం మీద హైమావతి కళ్ళు తెరిచింది. "వదిలేశాడా?"

"వదిలేసిండు. ఇద్దర్ని."

"నువ్వెందుకు ఆగావే పిచ్చిదానా! మంచి విలుకత్తెవి, పైకొచ్చేదానివి."

త్రివేణికి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఇద్దరూ ఉన్నచోటికి, ఆ పదిమంచాల వార్డులోకి, కిటికీ సందుల్లోంచి మంచు వచ్చి నిండింది. ఎదుటి మంచం కనబడకుండా పోయింది. రోగులు దుప్పట్లు కప్పుకున్నారు. నర్సు సంతోషి టార్చిలైటు, సూది పట్టుకుని తడుముకుంటూ వచ్చింది.

"చెయ్యి ఇటియ్యమ్మా, నరం దొరకవట్టాలె."

మంచులోంచి రెండు చేతులు ఒకేసారి ముందుకొచ్చాయి, ఒకదాన్నొకటి పట్టుకుని. సంతోషి రెండింటినీ తడిమి చూసి, ముడతలున్న చేతిని విడదీయకుండానే సూది పెట్టింది.