వదిన చూసిన స్ఫటికం

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే, మనుషుల్ని చలేస్తోందా ఉక్కపోస్తోందా అని అడగడం అంటాను. నవ్వుతారు. నవ్వనీ. అడగందే అమ్మైనా పెట్టదు సరే, ఈ భవనాలు కట్టినవాళ్లలో ఒక్కడైనా లోపల కూర్చునేవాళ్లను ఒక్క మాట అడిగిన పాపాన పోయాడా? అందుకే నాలుగేళ్లుగా నేను అడుగుతున్నాను. మా పరిశోధన సంస్థకు మూడంతస్తులు. కింద మేము, గదుల్లో మనిషికి హాయి ఎలా కలుగుతుందో చదివేవాళ్లం. మధ్యలో, కళలూ చేతిపనులూ బతుకుదెరువుగా ఎలా నిలుస్తాయో చదివేవాళ్లు. పైన, కణం లోపలి అణువులతో కుస్తీ పట్టేవాళ్లు. రోజుకు మూడుసార్లు మెట్లెక్కి ప్రతి బల్ల మీదా ఒక చీటీ పెడతాను. మైనస్ మూడు అంటే వణుకు, ప్లస్ మూడు అంటే ఉడుకు, సున్నా అంటే హాయి. ఒక అంకె రాసిస్తే చాలు.

పై అంతస్తులో మా వదిన పనిచేస్తుంది. మా అన్నయ్య భార్య. ఆడపడుచు అర్ధమొగుడంటారు కాబట్టి ఇంట్లోనూ ఆఫీసులోనూ నా పెత్తనం ఆవిడ భరించాలి. భరించదు. చీటీ ఇస్తే మైనస్ నాలుగు అని రాస్తుంది. అలాంటి అంకె లేదంటే, అలాంటి చలి ఉందిగా అంటుంది.

వదిన పని ఒక ప్రొటీన్‌ను స్ఫటికంగా కట్టించడం. ప్రొటీన్ ఆకారం తెలియాలంటే కోట్లకొద్దీ అణువులు ఒకదాని పక్కన ఒకటి, ఒకే దిక్కుకు మొహం పెట్టి వరుసల్లో నిలబడాలి. నిలబడితే స్ఫటికం. దాని గుండా ఎక్స్‌రే పంపితే ఆకారం బయటపడుతుంది. నిలబడకపోతే తెల్లటి మడ్డి. వదిన చిన్న గాజుబిళ్ల మీద బొట్టు వేసి, బిళ్లను తిరగేసి, మందునీళ్లున్న గుంట మీద మూతలా పెడుతుంది. ట్రేకు ఇరవైనాలుగు గుంటలు. ట్రేలన్నీ ఒక చెక్క బీరువాలో పెట్టి, పొద్దున్నే ఒక్కొక్కటీ మైక్రోస్కోప్ కింద చూసుకుంటుంది. ఐదేళ్లలో వేలకు వేల బొట్లు వేసింది. అన్నీ మడ్డే.

ఒక్కసారి తప్ప. ఏడాదిన్నర కిందట ఒక బొట్టులో ఒకే ఒక్క స్ఫటికం కనిపించింది. ఫొటో తీసింది. బయటికి తీయబోతే కరిగిపోయింది. తర్వాత అవే పాళ్లు, అదే మందు, అదే చెయ్యి, మళ్లీ రాలేదు. మందునీళ్లలోని ఉప్పు కూడా ఒక్కోసారి అలాగే పలుకు కడుతుంది, అది ఉప్పే అయ్యుంటుందని లాబ్ పెద్దాయన తేల్చేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఫొటో ఎక్కడిదో తెచ్చిపెట్టిందని కారిడార్‌లో గుసగుసలు మొదలయ్యాయి. నిప్పు లేనిదే పొగ రాదన్న మహానుభావులూ ఉన్నారు. ఆ మాట చెవిన పడ్డ రోజు మా అన్నయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు.

నా సంగతి కూడా చెప్పాలి. పైకి వదిన పక్షాన అందరితోనూ పోట్లాడాను. నోరు పెద్దది కాబట్టి బాగానే పోట్లాడాను. లోపల మాత్రం, ఉప్పేనేమో అనుకున్నాను.

కిందటి నెల పెద్దాయన గడువు పెట్టాడు. నెలాఖరులోగా ఇంకో స్ఫటికం చూపించకపోతే ఆ ఫొటోను వదిన తన పరిశోధన గ్రంథంలోంచి తీసేయాలి, ఆ ప్రొటీన్‌ను వదిలేయాలి. తీసేయడమంటే కళ్లారా చూసినదాన్ని చూడలేదని సంతకం పెట్టడమే. ఈ సంగతి వదిన నాకు బస్సులో చెప్పింది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అప్పుడు సాయానికి వచ్చింది మధ్య అంతస్తులోని బొమ్మల మాస్టారు. ఒకప్పుడు నాటకాలకు బొమ్మలు చేసేవారు. ఇప్పుడు పనివాళ్ల చేతుల్ని వీడియో తీసి, ఆ నేర్పు ఎక్కడుందో వెతకడం ఆయన పరిశోధన. పనివాడు నోటితో చెప్పేది సగమేనని, మిగతా సగం వేళ్లలో ఉంటుందని ఆయన నమ్మకం. కుమ్మర్లు, దర్జీలు, గాజు ఊదేవాళ్లతో పాటు మా వదిన చేతుల్ని కూడా మూడు వారాలు తీశారు. తమను కుమ్మర్లతో కలిపాడని లాబ్‌లో కొందరికి నామోషీ అనిపించింది గానీ వదిన మాత్రం మురిసిపోయింది. స్ఫటికం వచ్చింది సరిగ్గా ఆ మూడు వారాల్లోనే. ఆ రోజుల్లో చేతులు ఏమైనా వేరేగా చేశాయేమో చూద్దాం రమ్మని ఆయనే పిలిచారు.

శనివారం మధ్యాహ్నం ముగ్గురం ఆయన గదిలో కూర్చున్నాం. తెర నిండా వదిన చేతులు. ఇంట్లో గ్లాసు కింద పెట్టడానికి పది చప్పుళ్లు చేసే మనిషి అక్కడ ఆవగింజలో సగమంత బొట్టును గాజు మీద వదులుతోంది. వదిలేముందు ఊపిరి బిగబడుతుంది, వదిలాక చిటికెనవేలు సన్నగా వణికి ఆగుతుంది. ఒకటి, రెండు, ఇరవైనాలుగు. ఒక్క బొట్టూ పక్కకు జారలేదు. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ నేను ఈ చేతుల్ని ఒక్కసారి కూడా చూడలేదని నాకు అప్పుడు తెలిసింది. నోరు తెరుచుకుని చూశాను.

చేతుల్లో తేడా ఏమీ లేదు. మాస్టారు ఇంకో వీడియో పెట్టారు, ఇంకోటి పెట్టారు. వాళ్లిద్దరూ వేళ్లనే చూస్తున్నారు. నా కళ్లు అలవాటు కొద్దీ పైకి పోయాయి, చల్లగాలి వచ్చే జాలీ వైపు. బీరువా నెత్తినే ఉంటుంది అది. దానికి అడ్డంగా ఒక పసుపుపచ్చ ఫైలు అట్ట టేపుతో అంటించి ఉంది. అట్ట మీద అక్షరాలు నావి.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. అంతా గుర్తొచ్చింది. అప్పుడు వదినకు పడిశం పట్టి ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చునేది. ఆవిడ టీకి వెళ్లినప్పుడు స్టూలెక్కి అట్ట అడ్డం పెట్టాను. చెబితే వేళాకోళం చేస్తుందని చెప్పలేదు. వదిన మీద జాలి పరిశోధనలోకి ఎలా వస్తుందని నా పుస్తకంలోనూ రాయలేదు. మూడు వారాల తర్వాత జాలీలు కడిగే మనిషి పీకి పారేసి ఉంటాడు.

అక్కడితో అయిపోలేదు. ఆ మూడు వారాల్లో ఆ గది చీటీలు మైనస్ రెండు నుంచి సున్నాకు వచ్చాయి. జాలీకి దూరంగా, తలుపు పక్కనున్న మీటరు మాత్రం పద్ధెనిమిది డిగ్రీల దగ్గరే ఉంది. గదిలో ఏదీ మారకుండానే మనిషి చలికి తనంతట తనే అలవాటు పడతాడని నేను ఒక అధ్యాయం రాశాను. సభలో చదివితే చప్పట్లు కొట్టారు. నా గ్రంథానికి అదే ప్రాణమని మా గైడు అంటారు. అట్ట సంగతి మర్చిపోయానా, మర్చిపోవడం సుఖమనిపించిందా అంటే ప్రమాణం చేసి చెప్పలేను.

ఆదివారమంతా ఒక్కటే ఆలోచన. సోమవారం చడీచప్పుడు లేకుండా ఇంకో అట్ట పెట్టేస్తే? స్ఫటికం వస్తే వదిన మాట నిలబడుతుంది, నా అధ్యాయమూ నిలబడుతుంది. పాము చావదు, కర్ర విరగదు. కానీ రేపు ఇంకెక్కడో ఇంకెవరో ఈ అట్ట సంగతి తెలియక అవే పాళ్లు కలిపి బొట్టు వేస్తారు. మడ్డి వస్తుంది. వదిన మళ్లీ అబద్ధాలకోరు అవుతుంది, ఈసారి ఊరూరా. తెర మీది ఆ చేతులు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

సోమవారం పొద్దున్నే పైకి వెళ్లాను.

"వదినా, స్ఫటికం వచ్చినప్పుడు నీ బీరువా మీద గాలి పడట్లేదు. నేనే అట్ట అడ్డం పెట్టాను. నీకు చెప్పలేదు, ఎక్కడా రాయలేదు."

"ఎన్ని రోజులుంది?"

"మూడు వారాలు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఏడాదిన్నరగా మందుల్లో, నీళ్లలో, చివరికి తన చేతుల్లో వెతికింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. ఆ పిల్లను దాచిపెట్టింది నేను. ఆవిడ బీరువా తలుపు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది.

"మరి నీ అధ్యాయం పోతుందిగా?" అంది. నా అధ్యాయం చదివిందన్నమాట.

"పోతుంది."

"సరే. స్టూలు పట్టుకో, పడతాను."

ముందు బీరువాలో థర్మామీటరు పెట్టి చూశాం. తలుపు దగ్గర పద్ధెనిమిది ఉంటే బీరువాలో పదహారే. ఇంతకాలం ఎవరూ అక్కడ కొలవలేదు. నేనూ కొలవలేదు, ఎందుకంటే బీరువాలో మనుషులు కూర్చోరు. అట్ట పెట్టాక మూడు రోజుల్లో పదహారు నుంచి మెల్లమెల్లగా ఎక్కి పంతొమ్మిదిన్నర దగ్గర ఆగింది. వదిన తాజాగా నాలుగు ట్రేలు వేసింది. నేను కిందికి వెళ్లి మా గైడుకు అంతా చెప్పాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, అధ్యాయం మీద అడ్డగీత గీశారు. ఇంకో ఏడాది పని పెరిగిందన్నారు. ఇంటికెళ్లి ఏడ్చాను. అబద్ధమెందుకు, బాగా ఏడ్చాను.

పదకొండో రోజు పొద్దున వదిన ఫోన్ చేసింది. పైకి రా అని మాత్రం అంది. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. పెద్దాయన అప్పటికే అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈసారి ఒక బొట్టులో రెండున్నాయి. వదిన ఒకదాన్ని పక్కనపెట్టి, రెండోదాని మీద నీలం రంగు చుక్క వేసింది. ఉప్పైతే రంగు లోపలికి దూరదు, పైనే ఉండిపోతుంది. ప్రొటీనైతే అణువుల మధ్య దారులుంటాయి, రంగు వాటిల్లోకి వెళుతుంది. గంటసేపు చూడాలి. ఆ గంటలో ఎవరమూ కూర్చోలేదు.

తర్వాత నన్ను చూడమంది. మొదట వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు. కళ్లు కుదురుకున్నాక అది కనిపించింది. అంచులు తీర్చి కోసినట్టున్నాయి. చుట్టూ నీళ్లలో రంగు పలచబడుతోంది, అది మాత్రం లోపలినుంచి నీలంగా నిండుతోంది. కోట్లకొద్దీ అణువులు, ఎవరూ చెప్పకుండా, ఎవరూ తోయకుండా, చీకటి బీరువాలో కాస్త నెమ్మది దొరికితే చాలునని వరుసలు కట్టి నిలబడ్డాయి. ఇంత గొప్ప సంగతి జరుగుతున్నది ఒక పాత చెక్క బీరువాలో, మూడున్నర డిగ్రీల తేడాలో అంటే నమ్మబుద్ధి కాలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. ఉంది.

పెద్దాయన చూశాడు, చాలాసేపు. కళ్లద్దాలు తీసి, అప్పుడు తొందరపడి మాట అన్నానమ్మా అని వదినతో అన్నాడు. ఆవిడ తలూపింది. ఆయన వెళ్లాక గదిలో మేమిద్దరమే మిగిలాం. వదిన మళ్లీ మైక్రోస్కోప్ మీదికి వంగింది.

"నేను కూడా నమ్మలేదు వదినా. ఉప్పే అనుకున్నాను," అన్నాను.

"తెలుసు," అంది కన్ను తీయకుండా.

తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "నేనూ నమ్మడం మానేశాను. ఫొటో చూసినప్పుడల్లా, ఇది నిజంగా నేనే తీశానా అనిపించేది. మీ అన్నయ్యకు కూడా చెప్పలేదు."

ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను. ఏడుస్తోందని చేతికి తెలిసింది గానీ, ఆవిడ తల ఎత్తలేదు. ఇంకా చూస్తూనే ఉంది.