ఎవరూ చావని ముట్టడి

పర్వతాలు కోటగోడ మీది నుంచి పడ్డప్పుడు డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు.

కళ్ళారా చూశాను. ఇరవై అడుగుల గోడ. లోపలంతా ప్లైవుడ్, పైన ప్లాస్టర్. తుపాకీ పట్టుకుని నా పక్కనే నిలబడ్డ పర్వతాలు కాలి కింద పలక విరిగింది. కింద వల లేదు, పరుపు లేదు. పడుతూ భార్యను పేరుపెట్టి పిలిచాడు. "సూపర్! ఇంత నేచురల్‌గా ఎవడు పడతాడయ్యా! ఆ కేక ఉంచండి, పేరు డబ్బింగులో తీసేద్దాం" అని మైకులో వినిపించింది. ఆ మనిషి లేవడం లేదని గమనించడానికి వాళ్ళకు ఐదు నిమిషాలు పట్టింది.

సినిమా పేరు చెప్పను. వాళ్ళకు ఉచితంగా ప్రచారం చేసే ఖర్మ నాకు పట్టలేదు. సరిహద్దులో ఒక కోట, లోపల రెండు వందల మంది, బయట వేల సైన్యం. పదమూడు రోజులు లొంగకుండా నిలబడి చివరికి అందరూ ప్రాణాలిస్తారు. చూసేవాళ్ళకు రోమాలు నిక్కబొడుచుకోవాలట. బొల్లారం అవతల, మూతపడ్డ ఒక మిల్లు జాగాలో సెట్టు వేశారు.

కోటలోని వీరులం మేము. బోయిగూడ చుట్టుపక్కల హమాలీలం, గోడలకు రంగులు వేసేవాళ్ళం, ఇళ్ళల్లో అంట్లు తోమే ఆడవాళ్ళం. బయటి శత్రుసైన్యం మల్కాజ్‌గిరిలో అద్దెగదుల్లో ఉండే శ్రీకాకుళం, విజయనగరం కూలీలు. అందరినీ తెచ్చిన ఏజెంటు మాత్రం ఒక్కడే, పద్మనాభం. బస్సులు వేరు, భోజనం టెంట్లు వేరు. ఇరవై రెండు రోజులు ఒకరి మీదికి ఒకరం తుపాకులెత్తుకున్నాం గానీ ఒకరి పేరు ఒకరం అడగలేదు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

పర్వతాలును ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. అతని భార్య దేవమ్మ కూడా కోటలో నీళ్ళు మోసే వేషం వేస్తుంది. ఆమె వెంట నేనూ వెళ్ళాను. పద్మనాభం ఒక కాగితం పట్టుకొచ్చాడు. 'ఇంటి డాబా మీద నుంచి జారిపడ్డాడు' అని రాసి ఉంది.

"షూటింగులో పడ్డాడంటే పోలీసు కేసమ్మా. వాళ్ళొచ్చేదాకా ఇక్కడ డాక్టరు ముట్టుకోడు. ఆ పైన నీ ఇష్టం" అన్నాడు.

దేవమ్మ నా వైపు చూసింది. "లక్ష్మణ్ తమ్మీ, నువ్వు చదువుకున్నోనివి. ఏం జెయ్యమంటవ్?"

డిగ్రీ సగంలో ఆపినవాణ్ణి నేను. ప్రతి అక్షరం చదివాను. వాళ్ళుండేది రేకుల గది, దానికి డాబా ఎక్కడిదని కూడా అనుకున్నాను. అయినా నోరు ఏమంది? "సంతకం పెట్టక్కా, ముందుగాల ఇలాజ్ షురూ కానీ" అంది. ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేస్తే కాళ్ళు రావచ్చని, ఆలస్యమైతే ఇక రావని చెప్పి నాలుగో రోజు ఇంటికి పంపేశారు. ఆపరేషన్ కంపెనీ చేయించాలంటే అతను సెట్టులో పడ్డాడని రుజువు కావాలి. ప్రొడక్షన్ మేనేజర్ రామ్మోహనరావు ఆర్టిస్టుల లిస్టు తిరగేసి చూపించాడు. అందులో పర్వతాలనే పేరే లేదు. పద్మనాభం మమ్మల్ని వేరేవాళ్ళ యూనియన్ కార్డుల మీద పనిలోకి తెచ్చాడని మాకు అప్పుడే తెలిసింది.

"డాబా మీంచి పడ్డాడని నువ్వే సంతకం పెట్టావు కదమ్మా!"

"నా మొగుడు గీడనే పడ్డడు సార్. గంతే. గా ఒక్క ముక్క రాసియ్యున్రి" అంది దేవమ్మ.

"లేని మనిషి ఎలా పడతాడమ్మా?" అన్నాడు రామ్మోహనరావు. జోకు వేశాననుకున్నాడు.

ఇంకో దారి వెతికాను. లాస్య అని ఒక అసిస్టెంటు అమ్మాయి రోజూ పొద్దున మా ఒక్కొక్కరికీ వేషంతో ఫొటో తీస్తుంది. ఎవరి తలపాగా ఎలా ఉంది, ఎవరి చెంపకు మసి ఉంది, మర్నాడు తేడా రాకూడదు. పర్వతాలు ఫొటో తారీఖుతో సహా ఆమె దగ్గరుంది. ఇమ్మని అడిగాను. "అన్నా, నా ఫోన్ కూడా చెక్ చేస్తరు. నేను జాయినై మూడు నెలలే అయింది" అని ఏడ్చింది. ఆ ఏడుపును ఏం చేసుకోను? కోపంతో తిరిగొచ్చాను.

ఆదివారం దేవమ్మ గది ముందు అందరం కూర్చున్నాం. లోపల మంచం మీద పర్వతాలు కప్పుకేసి చూస్తున్నాడు.

"బంద్ పెడదాం" అన్నాడొక హమాలీ.

"నువ్వు బంద్ పెడితే పద్మనాభం కూలీల అడ్డా మీదికెళ్ళి ఇంకో రెండొందల మందిని తెస్తడు. పోయేది మన పనే" అని మరొకడు లేచాడు.

"ఊకనే ఉందామా మరి? రేపు నువ్వు పడితే?"

"నేను జూసుకుంట అడుగేస్త!"

ఇట్లా గంటసేపు ఒకరినొకరం పీక్కుతిన్నాం. ఆ గొడవలో లాస్య ఫొటోలే నా బుర్రలో తిరుగుతున్నాయి.

"ఆగున్రి జెర" అన్నాను. "మన జాగల వేరేటోళ్ళను తేలేరు. ఇరవై రెండు దినాలు గోడ మీద మన మొఖాలే తీసిన్రు. మొఖం మారితే సినిమా ఖరాబ్. గందుకే గా పోరి దినాం ఫొటోలు తీసేది. మనం సచ్చేదాంక మనల్ని తీసెయ్యలేరు. కెమెరా ముంగట సచ్చినమంటే మాత్రం తెల్లారి గేటు సుత దాటనియ్యరు."

దేవమ్మ గడపలోంచి అంది, "అయితే సావొద్దు."

సోమవారం ఆఖరి దాడి. యాక్షన్ అన్నారు, ఫిరంగులు పేలాయి. మేం పడలేదు. కానీ మా మాట ఎలాగో పసిగట్టిన పద్మనాభం అప్పటికే అవతలి టెంటుకు వెళ్ళి పుల్ల పెట్టొచ్చాడు. లోకలోళ్ళు మిమ్మల్ని వెళ్ళగొట్టాలనే షూటింగ్ ఆపుతున్నారని చెప్పాడట. శత్రుసైన్యం నిజంగానే మీద పడింది. తుపాకీ మడమలు చెక్కవి. నా పెదవి చిట్లింది. మావాళ్ళూ తక్కువ తినలేదు, ఒకతని చెయ్యి విరగ్గొట్టినంత పని చేశారు. మూడు కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. "ఇదీ యుద్ధమంటే! ఆపకండి!" అని డైరెక్టర్ గంతులు వేశాడు.

దెబ్బలు తిని పడిపోయినవాళ్ళు మాలో ముప్పై నలుగురు. లాస్య వాళ్ళ ఫొటోల కింద 'చనిపోయారు' అని టిక్కు పెట్టుకుంది. మర్నాడు వాళ్ళను గేటు దగ్గరే ఆపేశారు. కూలోళ్ళ నెత్తురు కూలోళ్ళే కళ్ళజూస్తే డైరెక్టర్‌కి బంగారంలాంటి సీను దొరికింది! ఎవడి తల పగలగొట్టాలో తెలియని కోపం. ముందు నాదే పగలగొట్టుకోవాలి.

"గా దొంగ నా కొడుకులు" అని మావాళ్ళు అవతలివాళ్ళను తిట్టిపోస్తుంటే దేవమ్మ గయ్యిమంది. "వాళ్ళకు మనం ఏం జెప్పినం? పద్మనాభం పొయ్యి చెప్పిండు. మనం చెప్పలే. పాండ్రి మల్కాజ్‌గిరికి."

అక్కడ వాళ్ళ పెద్ద దేముడుబాబు. తాపీ మేస్త్రి. సినిమాలో శత్రువుల జెండా మోసేది అతనే. చేతికి కట్టుతో గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"ఏటి, మళ్ళీ కొట్టుకోడానికొచ్చేరా?"

దేవమ్మ మొదటి నుంచీ చెప్పింది. గోడ, కాగితం, సంతకం, లిస్టు. దేముడుబాబు మెత్తబడలేదు. "మరి ఆ మాట ముందే ఎందుకు సెప్పలేదు? మేమేటి, మనుసులం కామా?"

"తోచలే అన్నా" అన్నాను.

"తోచలేదంట! మా బస్సు ఎల్తంటే ఇకిలించడానికి తోచింది గానీ!"

నిజమే. అతని భార్య గవరమ్మ చేటలో బియ్యం ఏరుతూ అంతా వింటోంది.

"సాల్లే బావు, ఊరుకో" అని మొగుణ్ణి కసిరింది. "రేపు ఆ గోడకి నిచ్చెనేసి ఎక్కేది నువ్వే కదా. ఇరిగితే నిన్నూ డాబా మీంచి పడ్డావనే రాత్తారు. మనకి డాబా ఉందేటి?"

దేముడుబాబు కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. "యాక్షన్ అంటే ఎక్కుతాం. పైకొచ్చేక మాత్రం కొట్టం" అన్నాడు.

కోట పడే షాట్ గురువారం పెట్టారు. మేం చస్తే గానీ కోట పడదు. ఫిరంగులు పేలాయి. నిచ్చెనలు పడ్డాయి. శత్రువులు కేకలు వేస్తూ ఎక్కారు, ఎక్కి మా పక్కనే గోడకు వీపు ఆనించి కూర్చున్నారు. పొగ తేలిపోయేసరికి కోట నిండా బతికున్న మనుషులు.

"చావండ్రా!" అని డైరెక్టర్ మైకులో అరిచాడు.

"సావం!" అంది దేవమ్మ. "పర్వతాలు గీడ పడ్డడని రాసియ్యున్రి. గప్పుడు ఆలోచిస్తం."

"ఎల్లి కాగితం తెచ్చుకోవయ్యా" అన్నాడు దేముడుబాబు.

పద్మనాభం బతిమాలాడు, బెదిరించాడు. మొదట వాళ్ళను చీల్చబోయాడు, తర్వాత మమ్మల్ని. సాయంత్రం నాలుగింటికి పోలీసులు వచ్చారు. రెండు వ్యాన్లలో పట్టినంత మందిని ఎక్కించారు. దేవమ్మ, దేముడుబాబు, నేను మొదటి వ్యానులో ఉన్నాం. మిగిలినవాళ్ళు వేషాలతోనే వెనక నడిచొచ్చారు. గేటు బయట ఆపేసిన ముప్పై నలుగురూ కలిశారు.

రామ్మోహనరావు మాకంటే ముందే స్టేషనుకు చేరి ఫిర్యాదు టైపు చేయించి ఇచ్చాడు. అది రిజిస్టరయింది. "మీ మీద కేసు ఇది. మళ్ళ మాకు తెల్వదనొద్దు" అని ఎస్సై ఆ కాగితం నా ముందు పెట్టాడు. ఈసారీ మొదటి అక్షరం నుంచి చదివాను.

'ఈ నెల ఏడవ తేదీన మా సెట్టులో పర్వతాలు అను జూనియర్ ఆర్టిస్టు గోడ పైనుండి పడి గాయపడిన విషయమును సాకుగా తీసుకొని, పై వ్యక్తులు చిత్రీకరణకు ఆటంకము కలిగించి...'

కింద రామ్మోహనరావు సంతకం. కంపెనీ ముద్ర.

మమ్మల్ని జైల్లో పెట్టించాలనే తొందరలో, మేం కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వని మాటను వాళ్ళే రాసిచ్చారు. దేవమ్మ చెవిలో చెప్పాను. ఆమె నా రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"గట్టిగ చదువు తమ్మీ. అందరికి ఇనబడాలె."

చదివాను. రామ్మోహనరావుకు అప్పుడు అర్థమైంది. "సార్, అందులో ఒక లైను పొరపాటు. మార్చి ఇస్తాను" అంటూ కాగితం కోసం ఎగబడ్డాడు.

"కేసు నంబర్ పడ్డంక మార్చుడేందయ్యా!" అని ఎస్సై విసుక్కుని మా వైపు తిరిగాడు. "సంతకాలు పెట్టి పోండ్రి ఇగ. పిలిచినప్పుడు రావాలె."

"కాపీ ఇయ్యున్రి, పోతం" అంది దేవమ్మ.

"రేపు రా."

దేవమ్మ అక్కడే నేల మీద కూర్చుంది. ఆమె పక్కన దేముడుబాబు కూర్చున్నాడు. నేను కూర్చున్నాను. గేటు బయట రోడ్డు దాకా, మొహాల నిండా రంగులతో, రెండు సైన్యాలూ కూర్చున్నాయి.

"అరే, మిమ్మల్ని వదిలేసినం! పోండ్రంటే పోరేంది?" ఎస్సై తల పట్టుకున్నాడు. "సరే, ఇస్త. ఎన్ని గావాలె?"

దేవమ్మ వెనక్కి తిరిగి జనాన్ని చూసింది.

"మనిషికొకటి సార్. ఒక్కటే ఉంటే మళ్ల మాయం జేస్తరు."